లైను మీద మిరపకాయలు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ఒప్పుకోవటానికి నాకు నలభై ఎనిమిదేళ్లు పట్టింది. మా ఆవిడ మాత్రం పెళ్లయిన మొదటి వారంలోనే కనిపెట్టేసింది. బ్రాడీపేటలో నాకు కళ్లద్దాల దుకాణం ఉంది. పొద్దున్నించి రాత్రిదాకా అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది బాగా కనపడుతోందా, ఇందాకటిది బాగా కనపడిందా" అని అడుగుతూ ఉంటాను. అడిగిన ప్రతిసారీ "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అనే మనిషితో కూడా నవ్వుతూనే మాట్లాడతాను. ఉన్న ఓపికంతా అక్కడే అయిపోతుందనీ, ఇంటికొచ్చేసరికి ఉత్త సీసా మిగులుతుందనీ మా ఆవిడ అంటుంది.

షుగరు ఉందని తేలాక డాక్టరు నడవమన్నాడు. స్టేడియంలో నడిచేవాళ్లందరూ రాజకీయాలు మాట్లాడతారు. నాలుగో రోజుకే ఒకాయనతో గొడవ పెట్టుకుని మానేశాను. "ఎవరూ మాట్లాడని చోటు చూసుకుని ఏదన్నా చెయ్యండి" అంది మా ఆవిడ. అలా గేర్ల సైకిల్ కొన్నాను. లావు టైర్లు, ముందు చక్రానికి షాకులు, రాళ్ల మీదా గుంటల్లోనూ తొక్కేందుకు చేసిన సైకిల్. దాన్ని మొదటిసారి చూసి, దీనికి వెనకాల క్యారియర్ లేదే, కూరగాయలెలా తెస్తారు అని అడిగింది.

సత్తెనపల్లి దాటి దాచేపల్లి వైపు కొంతదూరం వెళితే రోడ్డుకి కుడిపక్కన ఒక కొండ వస్తుంది. కొండలున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు దాన్ని చూసి నవ్వుతారేమో. పత్తి చేలూ మిరప చేలూ తప్ప మరొకటి చూడకుండా పెరిగినవాళ్లం గనక మాకు అది కొండే. అటవీశాఖ వాళ్లు దాని ముందు భాగంలో ఒక పార్కు కట్టారు. నాలుగు ఉయ్యాలలు, ఒక సిమెంటు జింక, నాపరాయి బల్లలు. ఆ పార్కు వెనక నుంచి ఒక గరుసు బాట బయలుదేరి కొండని చుట్టుకుని వెళ్లి, ఒకచోట నడుము మీదుగా ఎక్కి అవతలికి దిగి, మళ్లీ పార్కు దగ్గరికే వస్తుంది. మొత్తం చుట్టు పదకొండు కిలోమీటర్లు. అది మనుషులు నడవటానికి వేసిన బాట కాదు. ఎండాకాలంలో గడ్డి అంటుకుంటే మంట ఈ పక్క నుంచి ఆ పక్కకి దాటకుండా, జీపు పట్టేంత వెడల్పున చెట్టూ గడ్డీ లేకుండా కొట్టేసి ఉంచిన నేల. కాగితాల్లో ఫైర్ లైన్. ఊళ్లో అందరూ లైను అంటారు.

పార్కు తొమ్మిదింటికి తెరుస్తారని, లైను మీదకి బయటివాళ్లు వెళ్లకూడదని గేటు పక్కన బోర్డు ఉంది. నేను మొదటిసారి వెళ్లింది పొద్దున ఆరింటికి. గేటు దగ్గర నాపరాయి మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, వెలిసిపోయిన ఖాకీ చొక్కా, కింద పంచె.

"యాడికయ్యా సైకిలేసుకొని?"

"లోపలికి."

"తొమ్మిదింటికి తెరుస్తాం."

"తొమ్మిదింటికి ఎండ మాడ్చేస్తుంది కదా పెద్దాయనా. నేను మళ్లీ గుంటూరు వెళ్లి దుకాణం తెరవాలి."

ఆయన లేచి నా సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరు నొక్కి చూశాడు. "దీనికి బెల్లు లేదేంది?" అన్నాడు. కొండల మీద తొక్కే సైకిళ్లకి బెల్లు ఉండదని చెప్పాను. "పైన పందులుంటాయి. బెల్లు లేకపోతే అరుచుకుంటా పో" అని గేటు తీశాడు. అంతే. ఆ తరవాత ప్రతి ఆదివారం నేను కారు వెనక సైకిల్ కట్టుకుని రావటం, ఆయన గేటు ఓరగా తీసి పెట్టటం అలవాటయిపోయింది. నన్ను సాయిబు గారూ అనేవాడు. మనసు బాగుంటే అయ్యా అనేవాడు.

ఆయన మంటల కాలానికి పెట్టుకునే వాచరు. చలి తగ్గే ముందు ఒక కాగితం ఇచ్చి తీసుకుంటారు. వానలు పడ్డాక పార్కులో మొక్కలకి నీళ్లు పెట్టటం, గేటు కాయటం లాంటి పనులకి ఉంచుకుంటారు. మళ్లీ ఏడాది మళ్లీ కాగితం రావాలి. ఇరవై రెండేళ్లుగా వస్తూనే ఉందట. పొలం లేదు, పిల్లలు లేరు, కొండ వెనక పల్లెలో తనూ భార్యా. కాగితం రాకపోతే ఏం చేస్తారని ఒకసారి మాటవరసకి అడిగాను. "ఎందుకు రాదయ్యా?" అని నావంక వింతగా చూశాడు.

ఆ చుట్టు గురించి చెప్పాలి. మొదటి రెండు కిలోమీటర్లు చేల వెంబడి చదునుగా పోతుంది. నేను గొప్ప తొక్కుడుగాడినన్న భ్రమ అక్కడే కలుగుతుంది. తరవాత ఎక్కుడు. గరుసు మీద వెనక చక్రం జారుతుంది, లేచి నిలబడి తొక్కితే ఇంకా జారుతుంది. కూర్చునే, ముందుకి వంగి, చిన్న గేరులో, నడిచే మనిషి కన్నా నెమ్మదిగా తొక్కాలి. గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. మొదటి మూడు నెలలూ సగం నుంచి దిగి తోసుకుంటూ వెళ్లినవాణ్ణే. నాలుగో నెలలో ఒకరోజు దిగకుండా పైదాకా వెళ్లి, అక్కడ సీతాఫలం చెట్లకింద సైకిల్ పడేసి, చుట్టూ ఎవరూ లేరు కదా అని గట్టిగా అరిచాను. కింద చేలలో ఎవరో తిరిగి అరిచారు. మనుషుల మీద నాకున్న చిరాకంతా ఆ ఎక్కుడులో చెమటయి కారిపోయేది. ఆ ఒక్క పూటా ఇంట్లో కూడా మంచివాణ్ణి.

పై నుంచి చూస్తే ఒకవైపు దూరంగా సిమెంటు ఫ్యాక్టరీల పొగ గొట్టాలు, రెండోవైపు చేలు. ఆ తరవాత దిగుడు. బ్రేకుల మీద రెండేసి వేళ్లు పెట్టి, రాళ్లు ఎగురుతుంటే, చేతులు జివ్వుమంటుంటే, రెండు కిలోమీటర్లు నాలుగు నిమిషాల్లో దిగిపోవచ్చు. కింద ఒక వంపు. వంపు దాటితే చదును, చదును చివర పార్కు. నేను ఆ సైకిల్ కొన్నది వానలు మొదలయ్యాక. అందుకని మిరప కోతల కాలంలో ఆ లైను ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆ వంపు తిరిగేసరికి ఎదురుగా నేలంతా ఎర్రగా ఉంది. లైను పొడుగునా మిరపకాయలు ఆరబోశారు. పక్కన నడవటానికి మూరెడు దారి వదిలారు. రెండు బ్రేకులూ ఒకేసారి పట్టాను. వెనక చక్రం పక్కకి కొట్టుకుపోయి, సైకిలూ నేనూ కాయల మధ్యలోకి వెళ్లి ఆగాం. కాళ్లకింద కాయలు ఫటఫటా విరిగాయి.

తలకి గుడ్డ కట్టుకుని, వంగి కాయ తిరగేస్తున్న ఆవిడ లేచి నిలబడింది. "ఏయ్! ఏంది ఆ రావటం? కళ్లు కనపడట్లా?"

కళ్లద్దాలవాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటా అది? "రోడ్డుకడ్డంగా పోస్తే ఎలా కనపడతాయి?" అన్నాను.

"రోడ్డు సంగతి తరవాత. ముందు బూట్లిప్పు. లచ్చిందేవి మీద బూట్లతో నిలబడి మాట్లాడతావేంది?"

ఆ మర్యాద నాకు తెలియక కాదు. మా తాతకి నరసరావుపేట దగ్గర రెండెకరాల మిరప ఉండేది. కల్లంలోకి అడుగుపెట్టాలంటే చెప్పులు బయట వదలాల్సిందే. నేను ఐదేళ్లవాణ్ణి, చెప్పులతో పరిగెత్తానని ఒకసారి వీపు మీద చరిచాడు కూడా. ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా అది తెలుసు. తెలిసీ నేను బూట్లు ఇప్పలేదు. బూట్లతోనే కాయలు తొక్కుకుంటూ, సైకిల్ ఈడ్చుకుంటూ బయటికొచ్చాను. ఆవిడ ఏదో అంటూనే ఉంది. కాస్త ముందుకెళ్లి, ఆవిడ మళ్లీ కాయ మీదకి వంగాక, సైకిల్ వెనక్కి తిప్పి ఫోటో తీశాను.

ఆ వెంటనే నా మరో తెలివి బయటపడింది. చెమట కారుతోందని గ్లౌజుతో కన్ను తుడుచుకున్నాను. గ్లౌజు నిండా మిరప పొడి. గుంటూరులో పుట్టి పెరిగినవాడు చేయాల్సిన పనేనా అది? ఒంటి కన్నుతో, ఒంటి చేత్తో ఎలాగో గేటు దాకా వచ్చిపడ్డాను. పెద్దాయన పరిగెత్తుకొచ్చి, నన్ను బల్ల మీద కూలేసి, తల వెనక్కి పట్టుకుని, చెంబుతో నీళ్లు సన్నగా పోస్తూ కూర్చున్నాడు. "రెప్పలు కొట్టుకుంటా ఉండయ్యా. చెయ్యి పెట్టబాక. ఇంకో చెంబు పోత్తా." రెండు కుండల నీళ్లు అయిపోయాయి.

"లైను మీద మిరపకాయలు పోస్తుంటే మీరేం చేస్తున్నారు?" అని ఆయన మీద అరిచాను, ఆయన చేతిలో తల పెట్టుకునే.

"దానికో లెక్కుందయ్యా. ముందు నెమ్మదించనీ. కూర్చో, చెప్తా."

నేను కూర్చోలేదు. కూర్చుని ఉంటే ఇప్పుడు రాయటానికి ఏమీ ఉండేది కాదు. కన్ను మూసుకునే కారు నడుపుకుంటూ ఇంటికొచ్చాను. మా ఆవిడ నన్ను చూసి మొదట భయపడింది, విషయం విన్నాక నవ్వింది. నేను ఫోన్ తీసి, గేటు బోర్డు మీద ఉన్న నంబరుకి ఆ ఫోటో పంపటానికి సిద్ధమయ్యాను. "ముందు అన్నం తినండి. తిన్నాక కూడా పంపాలనిపిస్తే పంపండి" అంది. నేను తినకుండానే పంపాను. "ఇది ఫైర్ లైనా, కల్లమా? మీ వాచరు నిద్రపోతున్నాడా?" అని కింద రాశాను, పేరు పెట్టకుండా. బాగా రాశానని కూడా అనుకున్నాను.

మరుసటి ఆదివారం గేటు దగ్గర పెద్దాయన లేడు. కొత్త మనిషి తొమ్మిదింటికి రమ్మన్నాడు. "ఆయనేరీ?" అంటే "ఆయన్ని తీసేశారు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. తెలుసు గనకే అడగలేదేమో. కొండ వెనక, పల్లె బండిబాట లైనుకి తగిలేచోట కంచె లేదు. అక్కడి నుంచి లోపలికి వెళ్లాను. సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, ఆ రోజు బ్రహ్మాండంగా తొక్కాను. వంపు దగ్గర బ్రేకు పట్టే పనే లేకుండా పోయింది. లైను మీద ఒక్క కాయ లేదు, ఒక్క మనిషి లేడు. చెప్తే వింటారన్నమాట అనుకున్నాను. మీసం లేదు గానీ, ఉంటే దువ్వుకునేవాణ్ణే.

ఇంకో వారం గడిచింది. బండిబాట పక్కన, చేనుకీ కాలవకీ మధ్య ఇరుకు గట్టు మీద ఆవిడ కనపడింది. పట్టా మీద కాయ మందంగా పోసి ఉంది. గుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ నన్ను గుర్తుపట్టింది. "సైకిలాయనా, ఇప్పుడు హాయిగా పోతన్నావా?" అంది. ఫోటో తీసింది నేనేనని ఆవిడకి తెలియదు.

"ఇక్కడ పోశారేం?" అన్నాను.

"ఇంకెక్కడ పొయ్యను? మాది కౌలు చేను. దానికి కల్లం ఏది? ఎవడో మారాజు ఫోటో తీసి పైకి పంపాడంట. మమ్మల్ని ఎత్తేశారు, పెద్దాయన్ని పీకేశారు. ఇంత మందాన పోస్తే కాయ లోపల చెమరుద్ది, తెల్లబడుద్ది. ఏం చేత్తాం?"

"లైను మీద పొయ్యకూడదు కదమ్మా. మంటలు ఆపటానికి వేసింది."

ఆవిడ నావంక జాలిగా చూసింది. అంత జాలిగా నన్ను దుకాణంలో అద్దాలు లేని ముసలివాళ్లు కూడా చూడలేదు.

"ఆయన మాకు ఊరికే ఇచ్చాడనుకున్నావా? ఎనిమిది ఇళ్లోళ్లం లైను మీద పోసుకునేవాళ్లం. పొద్దున కాయ పరిచే ముందర ఎవరి ముక్క వాళ్లు ఊడవాలి. ఆకు గానీ పుల్ల గానీ కనపడిందా, ఆ పూట కాయ పరవనిచ్చేవాడు కాదు. బీడీ ముట్టించకూడదు, పొయ్యి పెట్టకూడదు, బువ్వ ఇంటికాణ్ణించే తెచ్చుకోవాలి. కొండ మీద యాడ పొగ లేచినా కేకెయ్యాలి. కాయకి కాపలా ఎట్టాగూ ఉంటాంగా? కాయతోబాటు కొండని కూడా కాసేవోళ్లం. ఎన్నేళ్లయిందో ఈ పక్కకి మంట దాటి, పో, అడుగు ఎవర్నన్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. మిరపకాయ కల్లానికొచ్చే రోజులూ కొండ మీద గడ్డి ఎండే రోజులూ ఒకటే. పదకొండు కిలోమీటర్లు ఒక్క మనిషి కాయలేడు. ఆయన ఎవరినీ ఉద్యోగంలో పెట్టుకోకుండా, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా, ఎనిమిది కుటుంబాలని కాపలా పెట్టుకున్నాడు. చీపుళ్లు కూడా వాళ్లవే. నేను దాన్ని ఒక ఫోటోగా చూశాను. సైకిల్ తిప్పి చూస్తే లైను మీద అప్పటికే రేల ఆకూ, ఎండు గడ్డీ చీలమండల దాకా పడి ఉంది. రెండు వారాలుగా దాని మీదనే తొక్కుతున్నాను. టైర్లకింద కరకరమంటుంటే బాగుందనుకున్నాను.

ఆ పొద్దునే పెద్దాయన ఇంటికి వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు. వచ్చే వారం చెప్దాం అనుకున్నాను, ఆ వారం వచ్చాక ఇంకో వారం అనుకున్నాను. అరవటానికి ఒక్క క్షణం కూడా ఆగని నా నోరు, తప్పు చేశానని చెప్పటానికి మాత్రం నెల తీసుకుంది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం, ఎక్కుడు మీద ఉండగా వాసన వచ్చింది. పైకి చేరి చూస్తే పడమటి వాలులో పొగ. ఎవరో చేలో పత్తి కట్టె తగలబెట్టారు, గాలికి గడ్డి అంటుకుంది. మంట పెద్దదేం కాదు, నడుము ఎత్తు కూడా లేదు. కానీ అది గడ్డిలో పాకుతూ నేరుగా లైను వైపే వస్తోంది, లైను మీదేమో ఆకు. అది దాటితే ఇవతల మొత్తం ఎండు అడవి, దానికింద పల్లె. బోర్డు మీది నంబరుకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

ఆ దిగుడు నేను ఎంత వేగంగా దిగానో నాకు గుర్తులేదు. పల్లెలోకి వెళ్లి మొదటి ఇంటి ముందే "మంట! మంట!" అని అరిచాను. నాలుగో ఇంట్లోంచి పెద్దాయన బయటికొచ్చాడు. బనియనూ పంచే. ఆయనకిప్పుడు ఆ కొండతో ఏ సంబంధమూ లేదు. "యాడ?" అని ఒక్కమాట అడిగాడు. చెప్పాను. "గాలి ఎటుంది?" అన్నాడు. ఆ సంగతి నేను చూసుకోలేదు. ఆయన నా మొహం చూసి, గుమ్మం దగ్గర నిలబడి గాలికి మొహం పెట్టి, వీధి వీధంతా వినపడేలా కేకేశాడు. "చీపుళ్లు పట్టుకురండి! మండలు తరవాత, ముందు చీపుళ్లు!"

ఆ ఎనిమిది ఇళ్లవాళ్లూ వచ్చారు. ఆ ఆవిడ అందరికన్నా ముందు. అందరూ మంట మీదకి పోబోతుంటే ఆయన ఆపాడు. "దాని జోలికి పోబాకండి. వచ్చేది వత్తది. లైను ఊడవండి." నాకు చీపురు లేదు. వంగి, గ్లౌజుల చేతుల్తో ఆకు దోసిళ్లతో ఎత్తి కిందకి విసిరాను. వేడి మొహానికి తగులుతోంది. దగ్గు. పక్కన ఆ ఆవిడ, "అట్టా కాదు, కాలితో నెట్టు" అంది. నెట్టాను. మా పక్కనే నాపరాయి తేలిన నేల బయటపడుతూ వచ్చింది. మంట మా దాకా వచ్చేసరికి అక్కడ దానికి తినటానికేమీ లేదు. అంచు దాకా వచ్చి, కాసేపు బుసకొట్టి, అక్కడే కూర్చుండిపోయింది. నిప్పురవ్వలు ఎగిరిపడ్డచోట వేప మండలతో కొట్టారు. ముప్పావుగంటలో అయిపోయింది.

అప్పుడొచ్చింది జీపు. దాంట్లోంచి రేంజి ఆఫీసరు దిగాడు. మంచివాడే. చెమట్లు కక్కుతూ, రాత్రంతా ఇంకెక్కడో మంటార్పి వచ్చినవాడిలా ఉన్నాడు. కాలిన గడ్డీ, ఊడ్చిన లైనూ చూశాడు. చీపుళ్లు పట్టుకున్నవాళ్లని చూశాడు. తరవాత కింద పడి ఉన్న నా సైకిల్ దగ్గరికి నడిచి, దాని హ్యాండిల్ వంక కాసేపు చూశాడు.

"ఈ సైకిల్ ఎవరిది?"

"నాదే."

ఆయన పెద్దాయన వైపు తిరిగాడు. "ఆ ఫోటోలో కింద కనపడే హ్యాండిల్ ఎవరిదని నిన్ను మూడుసార్లు అడిగాను. గేటు తెరవకముందు లోపలికి ఎవర్ని రానిస్తున్నావని అడిగాను. తెలవదన్నావు. ఈయనేనా?"

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నా ఫోటోలో నా సైకిల్ హ్యాండిల్ కూడా పడింది. లైను మీద మిరపకాయలు ఎంత తప్పో సైకిలూ అంతే తప్పు. వాళ్లని ఏ చేత్తో రానిచ్చాడో నన్నూ ఆ చేత్తోనే రానిచ్చాడు. ఆ చేతి మీదనే నేను ఫిర్యాదు చేశాను. అయినా ఆయన నా పేరు చెప్పలేదు.

పెద్దాయన నేల చూస్తూ, "ఏమోనయ్యా, సైకిళ్లన్నీ ఒకేరకంగా ఉంటాయి" అన్నాడు.

"ఫోటో తీసింది నేనే" అన్నాను. చీపుళ్లవాళ్లందరూ నావైపు తిరిగారు. ఆఫీసరు, "ఆ రోజు లోపలికెలా వచ్చారు?" అని అడిగాడు. నిజం చెప్తే పెద్దాయన మీద రెండో తప్పు పడుతుంది. "వెనక కంచె లేనిచోటి నుంచి దూరానండీ. ఆయనకి తెలియదు" అన్నాను. తప్పు ఒప్పుకుంటూ కూడా అబద్ధమాడాల్సి వచ్చింది. మిరపకాయల సంగతి కూడా చెప్పాను, ఎనిమిది ఇళ్లు, పొద్దున ఊడవటం, బీడీ లేకపోవటం, అన్నీ. మాటలు తడబడ్డాయి. ఆఫీసరు విని, "ఇదంతా రాసివ్వండి" అన్నాడు. ఆ ఆవిడ చీపురు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

కిందకి నడుస్తూ పెద్దాయన్ని అడిగాను. "నేనేనని మీకు ముందే తెలుసా?"

"తెలవకేం. నీకు తప్ప ఇక్కడ అట్టాంటి సైకిలు ఇంకెవరికుంది?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నాకు తిరిగొచ్చేదేముందయ్యా? ఆ రోజు కన్ను మండి పోయావు. కోపంలో ఏదో చేశావులే అనుకున్నా. అన్నం కూడా తిని ఉండవు."

నాకు ఏడుపొచ్చింది. పొగ వల్ల అని చెప్పుకోవచ్చు. పొగ వల్ల కాదు.

రాసిచ్చాను. ఒకసారి కాదు. నేనూ, ఆ ఎనిమిది ఇళ్లవాళ్లూ కలిసి సంతకాలూ వేలిముద్రలూ పెట్టి ఇచ్చాం. వానాకాలమంతా దుకాణం మూసిన రోజుల్లో ఆఫీసు చుట్టూ తిరిగాను. ఒక్కచోట కూడా గొంతు పెంచలేదు. మా ఆవిడ నమ్మలేదు. ఆఫీసరు కూడా తన పైవాళ్లకి రాశాడు. లైను మీద కాయ పొయ్యటానికి ఒప్పుకోలేదు గానీ, చలికాలం చివర్లో పెద్దాయనకి మళ్లీ కాగితం వచ్చింది. ఆ కబురు నాకు ఫోన్లో చెప్పింది ఆ ఆవిడే. "సైకిలాయనా, పెద్దాయనకి పని వచ్చింది" అంది. నేను దుకాణంలో కస్టమరు ముందే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ ఆదివారం కారుకి సైకిల్ కట్టుకుని బయలుదేరాను. కిందటి ఏప్రిల్ నుంచి నేను ఆ కొండ మీద తొక్కలేదు, ఆయన వచ్చాకే తొక్కాలనుకున్నాను. ఆరు కాకముందే గేటు దగ్గర ఉన్నాను. ఆయన కొత్త ఖాకీ చొక్కాలో నాపరాయి మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఒంట్లో ఎలా ఉంది, షుగరు ఎంతుంది, ఇంట్లో అమ్మగారు బాగున్నారా అని అన్నీ అడిగాడు. నేను సైకిల్ దింపి గేటు వైపు నడిపించాను. ఆయన గేటు తియ్యలేదు.

"తొమ్మిదింటికి రా అయ్యా. సైకిలు బయట పెట్టి, నడుచుకుంటా పార్కులో తిరుగు."

వేళాకోళం అనుకుని నవ్వాను. "పెద్దాయనా, నేనే కదా."

"నువ్వే. నువ్వయినా అంతేనయ్యా." ఆయన నా మొహం వంక చూడటం లేదు. "ఎవరు ఎప్పుడు ఫోటో తీస్తారో అని భయంగా ఉంటంది. ముసలాణ్ణి. మళ్లీ తీసేస్తే నిన్ను కూడా ఇన్నిసార్లు ఆ ఆఫీసు చుట్టూ తిప్పలేను."

నన్ను దెప్పటానికి అనలేదు. దెప్పితే ఓర్చుకునేవాణ్ణి. నా కష్టం గురించే, నా మీద అభిమానంతోనే అన్నాడు. సరే పెద్దాయనా అన్నాను. సైకిల్ తిప్పుకుని కారు దగ్గరికి నడిచాను. వెనక గొళ్లెం పడ్డ చప్పుడయింది. తిరిగి చూస్తే ఆయన వేసిన గొళ్లాన్ని పట్టుకుని, సరిగ్గా పడిందో లేదో అని లాగి చూసుకుంటున్నాడు. ఒకసారి చూసుకున్నాడు, రెండడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్లీ చూసుకున్నాడు.